అడగందే అమ్మయినా పెట్టదా?

"అడగందే అమ్మయినా పెట్టదు" అనే సామెతను నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే అప్పటి మా మేనేజరు గారి నోట విన్నాను. కౌంటరు ముందు నిలబడ్డ మనిషి ఏది అడిగితే అది చేసి పంపించు, అడగనిది నెత్తిన వేసుకోకు అని ఆయన తాత్పర్యం. మదనపల్లెలో బి.కాం. చదివి, బ్యాంకు పరీక్ష రాసి, 1992లో గుమాస్తాగా చేరిన నాకు అది వేదవాక్కులా అనిపించింది. ముప్పై ఏళ్ళు ఆ మాట ప్రకారమే నడిచాను. క్యాషులో తేడా రాలేదు. నా మీద ఫిర్యాదూ రాలేదు. మన సంఘం సభల్లో మాత్రం "మానవ సేవే మాధవ సేవ" అని రెండు మూడుసార్లు మైకు ముందు చెప్పాను కూడా.

ఆ సామెతలో పెద్ద లోపం ఉందని 2023లో, యాభై అయిదో ఏట, ఇద్దరు మనుషుల వల్ల తెలిసింది. ఒకరు మా ఇంటి పై వాటాలో అద్దెకు దిగిన కుర్రాడు. రెండో మనిషి వేపనపల్లి వైపు ఒక పల్లెలో ఉండే తల్లి. వాళ్ళ పేర్లు రాయడం లేదు. ఇందులో తప్పంటూ ఉంటే అది నాది కనుక, దాని గురించి మాత్రం దాచకుండా రాస్తున్నాను.

పై వాటా కుర్రాడు

మేముండేది హోసూరులో. నా బ్రాంచి కృష్ణగిరిలో. మధ్య యాభై కిలోమీటర్లు. శూలగిరి మీదుగా రోజూ బస్సులో పోయి రావడమే. పిల్లలు ఉద్యోగాలకని వెళ్ళిపోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. పై వాటా ఖాళీ అయినప్పుడు సిప్కాట్‌లో పని చేసే రాజమండ్రి కుర్రాడొకడు వచ్చి అడిగాడు. ఇరవై ఏడేళ్ళుంటాయి. తెలుగువాడు కదా అని సంతోషించాం.

అడ్వాన్సు ఇచ్చిన రోజు మా ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చింది. "వద్దండీ, మేము కాఫీ, టీ తాగమండీ" అన్నాడు. మేము అంటే ఎవరు బాబూ అని అడిగాను. లోకం మార్మన్‌లు అని పిలిచే క్రైస్తవ సంఘానికి చెందినవాడినని, 2017 నుంచి రెండేళ్ళు చెన్నైలో మిషనరీగా పని చేశానని చెప్పాడు. మా ఆవిడ లోపలికి పిలిచి, "మనల్ని మార్చడానికి వచ్చాడేమో, కాస్త ఆలోచించండి" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ అనుమానం వచ్చింది. అయినా ఇల్లు ఇచ్చాం. నాలుగు రోజులు తిరక్కుండానే పొద్దున్నే అతనికి కాఫీకి బదులు గ్లాసుడు రాగి జావ పంపించడం మొదలుపెట్టింది కూడా మా ఆవిడే.

ఆదివారం ఆదివారం బెంగుళూరుకు ప్రార్థనకు వెళ్ళి వస్తాడు. మా ఇంట్లో ఏనాడూ మతం మాట ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక అడిగి తెలుసుకున్నాను. మన పాఠకుల్లోనూ చాలామందికి కొత్త కనుక నాలుగు మాటల్లో చెబుతాను.

ఈ సంఘాన్ని 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించారు. కేంద్ర కార్యాలయం సాల్ట్ లేక్ సిటీలో ఉంది. తెలుగులో దాని పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మార్మన్ అనే మారుపేరు వాడవద్దని 2018లో ఆ సంఘం పెద్దలు కోరారు. పాఠకులకు తెలిసిన పేరు కదా అని, ఆ కుర్రాణ్ణి అడిగే ఇక్కడ వాడుతున్నాను. వాళ్ళలో పద్దెనిమిదేళ్ళు నిండిన యువకులు రెండేళ్ళు, యువతులు ఏడాదిన్నర మిషనరీలుగా వెళ్ళవచ్చు. జీతం ఉండదు. వీలైనంతవరకు సొంత పొదుపు, ఇంటివాళ్ళ డబ్బుతోనే గడుపుకోవాలి. ఏ ఊరికి వెళ్ళాలో సంఘమే నిర్ణయిస్తుంది. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే తిరగాలి. పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. చొక్కా జేబు మీద పేరు బిళ్ళ పెట్టుకోవాలి, దాని మీద ఇంటిపేరే ఉంటుంది. "రెండేళ్ళు నన్ను ఎవరూ నా పేరు పెట్టి పిలవలేదంకుల్, అందరికీ ఇంటిపేరుతోనే తెలుసు" అని నవ్వాడు. 2019 ఫిబ్రవరిలో నియమం మార్చేదాకా ఇంటికి వారానికి ఒక ఈ-మెయిలు, ఏడాదికి రెండుసార్లు ఫోను. వాళ్ళమ్మ ఎలా తట్టుకుందో అని మా ఆవిడ చాలాసేపు బాధపడింది.

మన ప్రాంతాలకూ ఈ సంఘానికీ సంబంధం ఇవాళ్టిది కాదు. 1853లోనే రిచర్డ్ బాలంటైన్ అనే మిషనరీ మద్రాసులో దిగి ఏడాదిపాటు ప్రచారం చేశారు గానీ అది నిలబడలేదు. తెలుగువారిలో వేళ్ళూనుకున్నది చాలా తర్వాత. పసిఫిక్ దీవుల్లోని సమోవాలో కీటక శాస్త్రవేత్తగా పని చేసిన ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ అక్కడ ఈ సంఘంలో చేరి, 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు పరిచయం చేశారు. బుక్ ఆఫ్ మార్మన్ గ్రంథంలోని కొన్ని భాగాలు 1982లో తెలుగులో వచ్చాయి. 1993లో బెంగుళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది. 2012లో దేశంలోనే మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన మండలం లాంటిది, హైదరాబాదులో ఏర్పాటైంది.

వాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళేది ప్రధానంగా మత ప్రచారానికే. ఆ కుర్రాడు అది దాచలేదు. అయితే ప్రతి వారం కొంత సమయం ఏమీ ఆశించకుండా ఎవరికైనా పని చేసిపెట్టాలన్నది కూడా వాళ్ళ పద్ధతుల్లో ఉందట. "అలా ముందుగా అనుకుని చేసిన పనులేవీ నాకిప్పుడు గుర్తు లేవంకుల్. అనుకోకుండా తగిలినవే గుర్తున్నాయి" అన్నాడొక రాత్రి. ఆ మాటే ఈ వ్యాసానికి మూలం.

అడిగింది ఒకటి, కావలసింది ఒకటి

2019 వేసవి చెన్నైవాసులెవరూ మరచిపోరు. పుళల్, చెంబరంబాక్కం చెరువులు అడుగంటిపోయాయి. జూలైలో మన పక్కనున్న జోలార్‌పేట నుంచి యాభై వ్యాగన్ల రైలులో, ఒక్కో విడతకు ఇరవై అయిదు లక్షల లీటర్ల చొప్పున, నీళ్ళు మోసుకుపోవలసి వచ్చింది. అంతకు ముందు జూన్ నెలలో జరిగిన సంగతి ఇది. మన కుర్రాడూ, అతని జతగాడైన ఢిల్లీ వైపు కుర్రాడూ ఒక ఇంటికి బయలుదేరారు. ఆ ఇంటివాళ్ళు రమ్మని చెప్పి, వీళ్ళు వెళ్ళేసరికి తలుపు వేసుకుని ఎటో వెళ్ళిపోయారు. ఎండలో వెనక్కి వస్తుంటే వీధిలోకి నీళ్ళ లారీ వచ్చింది. ఒక ముసలావిడ నాలుగు ప్లాస్టిక్ బిందెలు నింపుకుని, మెట్ల దగ్గర కూర్చుని వాటినే చూస్తోంది. ఉండేది మూడో అంతస్తు. ఆమె వీళ్ళను ఏమీ అడగలేదు. వీళ్ళే చెరో బిందె ఎత్తారు. ఆ నాలుగు అయ్యాక ఎదురు వాటా ఆవిడవి, ఆ తర్వాత పై వాటా వాళ్ళవి. మధ్యాహ్నం దాకా అదే పని. మీరెవరని ఒకరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు. తెల్లచొక్కాలు తడిసి ముద్దయ్యాయి.

"ఆ రోజు మా పుస్తకంలో రాసుకోవడానికి ఒక్క ప్రవచనం కూడా లేదంకుల్. పనికిమాలిన రోజు అనుకుని పడుకున్నాం. ఇప్పుడు చూస్తే రెండేళ్ళలో మిగిలింది ఆ రోజే" అన్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. తాంబరం బస్టాండులో ఒక పెద్దాయన, "ఇది ఏ ఊరి బస్సు బాబూ?" అని అడిగాడట. వీడు బోర్డు చదివి ఊరి పేరు చెప్పి, వేరే ఇంటికి టైమవుతోందని గబగబా వెళ్ళిపోయాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆయన వచ్చిన ప్రతి బస్సు గురించీ అదే ప్రశ్న ఇంకొకళ్ళను అడుగుతున్నాడు. చదవడం రాదు. "ఆయన అడిగింది బస్సు పేరు. కావలసింది బస్సు ఎక్కించే మనిషి. అడిగినదానికి నేను సరిగ్గానే జవాబు చెప్పాను. కానీ పని మాత్రం చెయ్యలేదు" అన్నాడు.

అది ఆగస్టులో ఒక గురువారం రాత్రి. కిందికి వచ్చి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. 436 అనే అంకె కళ్ళ ముందు తిరగసాగింది.

నాలుగు వందల ముప్పై ఆరు రూపాయలు

అంతకు ముందు మంగళవారం బ్రాంచికి ఒక స్త్రీ వచ్చింది. వెంట పన్నెండో తరగతి చదివే కూతురు. భర్త జూలైలో గుండెపోటుతో పోయాడు. మామిడికాయల లోడింగు పని చేసేవాడు. మన కృష్ణగిరి మామిడి సంగతి తెలిసిందే కదా, సీజనులో రాత్రీ పగలూ లారీలే. ఆయన ఖాతా మూసి ఉన్న డబ్బు ఇప్పించమని వచ్చింది. మరణ ధ్రువపత్రం, ఆధారు, పాసుబుక్కు అన్నీ తెచ్చింది. నామినీ ఆమే. ఖాతాలో ఉన్నది 1,140 రూపాయలు. అంతకు ముందు రోజు కంప్యూటరు లింకు లేక ఆగిపోయిన జనమంతా వరుసలో ఉన్నారు. అయినా నేను కాగితాలు సరిచూసి, సంతకాలు పెట్టించి, గంటలో డబ్బు చేతికిచ్చాను. ఇంటికొచ్చి మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ పాసుబుక్కులో మే నెల చివర 436 రూపాయల ఖర్చు రాసి ఉంది. నా కళ్ళతో చూశాను. దాని అర్థం తెలియని బ్యాంకు ఉద్యోగి ఉండడు. 2015 మేలో వచ్చిన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం అది. మొదట 330 ఉండేది, 2022 జూన్ నుంచి 436 చేశారు. అది కట్టిన మనిషి ఆ ఏడాదిలో ఏ కారణం చేత పోయినా నామినీకి రెండు లక్షల రూపాయలు వస్తాయి. ఆమె ఖాతా మూయమని అడిగింది, నేను మూశాను. బీమా గురించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. నోటి దాకా రాలేదంతే.

శుక్రవారం బ్రాంచిలో ఫైలు తీసి చూశాను. వయసు నలభై ఆరు. ప్రీమియం జమ అయింది. అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఉన్న ఒక్క ఫోను నంబరు చనిపోయినాయనది, అది పలకలేదు. మర్నాడు నాలుగో శనివారం, బ్యాంకుకు సెలవు. సాయంత్రం మెట్ల మీద కనబడిన కుర్రాడికి సంగతంతా చెప్పాను. "రేపు నాకూ సెలవే అంకుల్, వస్తాను" అన్నాడు. నేను రమ్మని అడగలేదు సుమా.

కృష్ణగిరిలో బస్సు మారి వేపనపల్లి వైపు వెళ్ళాం. అక్కణ్ణుంచి ఇంకొంత దూరం ఆటో. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులు దగ్గర కావడంతో ఆ పల్లెల్లో మూడు భాషలూ వినబడతాయి. ఇల్లు దొరకడానికి కష్టం కాలేదు. నన్ను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. ఇచ్చిన డబ్బు వెనక్కి అడగడానికి వచ్చాననుకుందట. నేను తెలుగులో మాట్లాడేసరికి ఇంకా ఆశ్చర్యపోయింది.

"మీకు తెలుగొస్తాదా సామీ? ఆ పొద్దు బ్యాంకులో అంతా అరవంలోనే మాట్లాడితిరే!"

ఇద్దరం తెలుగువాళ్ళమై ఉండి, కౌంటరుకు అటూ ఇటూ కూర్చుని, ఆమెకు సరిగా రాని భాషలో పని కానిచ్చామన్నమాట. అలవాటు అలాంటిది.

బీమా సంగతి చెప్పాను. రెండు లక్షలు అన్నప్పుడు నమ్మలేదు. "ఆయప్ప ఎప్పుడో బ్యాంకోళ్ళు సంతకం పెట్టిచ్చుకున్యారని చెప్పినాడు. దేనికో మాకేం తెలుసు సామీ" అంది. మరి మొన్న అడిగి ఉండవచ్చు కదమ్మా అని, నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి కాబోలు, నోరు జారాను. ఆమె కోపగించుకోలేదు. మామూలుగానే అంది:

"ఉండాదని తెలిస్తే కదా సామీ అడిగేది?"

ముప్పై ఏళ్ళుగా నేను నమ్మిన సామెతకు ఆమె ఒక్క మాటలో జవాబు చెప్పింది. అడగడానికి ముందు తెలిసి ఉండాలి. తెలియని మనిషి ఏమని అడుగుతుంది?

తర్వాత ఇంకో మాట తెలిసింది. బుధవారం నాడే, అంటే నా దగ్గరికి వచ్చి వెళ్ళిన మర్నాడే, ఆమె చెవుల కమ్మలు కుదువ పెట్టి పద్దెనిమిది వేలు తెచ్చిందట, దినాల ఖర్చులకు చేసిన అప్పు తీర్చడానికి. పిల్లను చదువు మాన్పించి హోసూరులో కంపెనీ పనికి పంపాలని కూడా అనుకున్నారట. మంగళవారం నేను రెండు నిమిషాలు నోరు విప్పి ఉంటే ఆ కమ్మలు ఆమె చెవులకే ఉండేవి.

నేను అరుగు మీద కూర్చుని ఫారాలు పూర్తి చేస్తుంటే, కుర్రాడు ఆమె అడగకుండానే పెరట్లో ఊడిపోయిన కొట్టం తలుపు బిగించి కట్టాడు. "ఈ పిల్లోడూ బ్యాంకోడేనా?" అని అడిగింది. "కాదమ్మా, సార్‌తో వచ్చాను" అన్నాడు. అంతకు మించి తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. దారిలో ఆ మాటే అడిగితే, "ఆ రోజు ఆవిడకు కావలసింది అది కాదు కదంకుల్" అన్నాడు.

సోమవారం ఆమె పేర సున్నా నిల్వతో ఖాతా తెరిచాం. క్లెయిము కాగితాలు బీమా కంపెనీకి పంపాం. రెండుసార్లు ఏదో ఒక కాగితం కావాలని వెనక్కి వచ్చింది. అక్టోబరులో రెండు లక్షలూ జమ అయ్యాయి. పిల్ల చదువు మానలేదు.

తలుపు తట్టిన చప్పుడు

మన కృష్ణగిరి, హోసూరు వాళ్ళం పెద్ద జబ్బు చేస్తే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి పరుగెత్తుతాం. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ కథ చాలామందికి తెలిసిందే. ఆమె మిషనరీల ఇంట పుట్టినా మిషనరీ కావాలని అనుకోలేదు. 1890ల తొలినాళ్ళలో తల్లికి జబ్బు చేస్తే చూసిపోదామని అమెరికా నుంచి తిండివనం వచ్చింది. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు విడివిడిగా వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ఉన్నారు. ఐడా డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రి మగవాడు కనుక వాళ్ళు రానివ్వలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె తిరిగి వెళ్ళి వైద్యం చదివి, 1900లో వచ్చి వేలూరులో చిన్న వైద్యశాల మొదలుపెట్టింది. 1918లో అక్కడే ఆడవాళ్ళకు వైద్య విద్యాలయం ప్రారంభించింది.

ఆమె అంతటి పని మనందరి వల్లా కాదు. కానీ ఆమె తలుపు తట్టినవాళ్ళు కనీసం నోరు విప్పి అడిగారు. మన కౌంటర్ల ముందు, బస్టాండుల్లో, ఆసుపత్రి వరండాల్లో నిలబడేవాళ్ళలో చాలామందికి ఏమడగాలో తెలియదు. అందులోనూ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాగితం మీద ఇంగ్లీషుగా బతికే మన సరిహద్దు పల్లెల వాళ్ళకు అది రెట్టింపు కష్టం. ముందుగా అనుకుని, బ్యానరు కట్టి చేసే సేవ మంచిదే. మన సంఘమూ చేస్తోంది. అయితే మన పనిలో మనం ఉండగా దారికి అడ్డం వచ్చేదాన్ని అడ్డంకి అనుకుని పక్కకు నెట్టేస్తున్నామేమో ఒకసారి చూసుకోవాలి. నేను నెట్టేశాను.

చివరగా పాఠకులకు వృత్తిరీత్యా ఒక మనవి. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ ఇంటికి పనికి వచ్చేవారి దగ్గర ఉన్న పాసుబుక్కులు ఒకసారి తిరగేయండి. మే, జూన్ నెలల్లో 436 రూపాయలు తగ్గి ఉంటే అది జీవన్ జ్యోతి. పద్దెనిమిది నుంచి యాభై ఏళ్ళ లోపు చేరవచ్చు, యాభై అయిదు దాకా రక్షణ ఉంటుంది. ఇరవై రూపాయలు తగ్గి ఉంటే అది సురక్షా బీమా, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. నామినీ పేరు ఉందో లేదో చూడండి. రెండేళ్ళు లావాదేవీలు లేకపోతే ఖాతా నిద్రాణమవుతుంది. పదేళ్ళు దాటితే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. అయినా వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. అలాంటి ఖాతాలు వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే వెబ్‌సైటు కూడా పెట్టింది.

నేనిప్పుడు కౌంటరు దగ్గర పాసుబుక్కు తిరిగి ఇచ్చే ముందు ఒక్కసారి పేజీలు తిప్పి, "ఇంకేమైనా ఉందా అమ్మా?" అని అడుగుతున్నాను. వీలైతే తెలుగులోనే. వరుస కాస్త ఆలస్యమవుతోందని పక్క సీటాయన విసుక్కుంటున్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది.

ఆ నవంబరులో ఆమె మళ్ళీ బ్రాంచికి వచ్చింది. చెవులకు కమ్మలున్నాయి. సంచీలో మా ఇంటికని రెండు శేర్ల రాగి పిండి తెచ్చింది. పక్కన ఇంకో ముసలమ్మ, చేతిలో అట్ట చిరిగిన పాసుబుక్కు.

"మా పక్కింటామె సామీ. ఈయమ్మకు ఏమడగాల్నో తెల్దు. మీరే చూసి చెప్పండి" అంది.

అట్ట చిరిగిన ఆ పుస్తకం అందుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.